అంగన్‌వాడీయా, కాన్వెంటా? చీపురుపల్లి తల్లి ప్రశ్న

ప్రశ్న: మేడమ్, మాది చీపురుపల్లి. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. బాబుకి మూడున్నరేళ్లు. మా వీధి చివరే అంగన్‌వాడీ ఉంది. మా అత్తగారేమో "అది గుడ్డు తిని రావడానికే గానీ చదువుకి పనికిరాదు" అంటారు. మా తోడికోడలి పాప కాన్వెంట్‌లో ఎల్‌కేజీ. ఏ నుంచి జెడ్ దాకా రాసేస్తోంది, ఒకటి నుంచి యాభై దాకా గడగడా చెప్పేస్తోంది. ఆ బడి వ్యాన్ మా వీధిలోకి కూడా వస్తుంది. కానీ ఫీజు, వ్యాను, పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపితే మా ఆయన రెండు నెలల జీతం. ఇంకొందరు ఎల్‌కేజీ, యూకేజీ ఎందుకు, నాలుగున్నరకే ఒకటో తరగతిలో కూర్చోబెట్టెయ్యమంటున్నారు. బాబుకి మాటలు కాస్త తక్కువ. ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగడు. అంగన్‌వాడీలో వేస్తే వెనకబడిపోతాడా? ఏది మంచిదో మాలాంటివాళ్లకి ఎలా తెలుస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఏడాది బాబును అంగన్‌వాడీకే పంపండి. అయితే గుడ్డిగా పంపొద్దు. వెళ్లి ఒక పూట అక్కడే కూర్చోండి. పొద్దున్నపూట టీచర్ పిల్లలతో ఏం చేయిస్తోందో చూసి, మనసు ఒప్పుకుంటేనే పంపండి. మీ వీధి కేంద్రం నచ్చకపోతే పక్క వీధిది చూడండి. మీ ఊరంత ఊళ్లో కేంద్రం ఒక్కటే ఉండదు. కాన్వెంట్ సంగతి ఒకటో తరగతి దాకా ఆపినా కొంపేమీ మునగదు.

మీ అత్తగారి మాట తీసిపారేయకండి. ఆవిడ తన కళ్లతో చూసిందే చెబుతున్నారు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైనప్పుడు మొదటి బెంగ పిల్లల ఆకలి, బరువు, టీకాలు. ఆ పథకంలో ఉన్న ఆరు సేవల్లో బడి ముందు చదువు ఒకటి మాత్రమే. మిగతా అయిదింట్లోనూ ఆ ఒక్క టీచరమ్మ చేయి పడాల్సిందే. గర్భిణుల పేర్లు రాయాలి, బాలింతలకు సరుకులు ఇవ్వాలి, పిల్లల్ని తూచాలి, టీకాల రోజు ఏఎన్‌ఎమ్‌తో పాటు కూర్చోవాలి, ఇంటింటికీ తిరగాలి, ఇవన్నీ మళ్లీ ఫోన్లో పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఎక్కించాలి. ఈ పనులన్నీ అయ్యాక మిగిలిన టైంలో పాఠం. మీ అత్తగారి కాలంలో ఆ మిగిలిన టైం ఎంతుండేదో ఆవిడకు బాగా తెలుసు.

నేను మన జిల్లాలో ఇలాంటి కేంద్రాలు కొన్ని చూశాను. ఒక చోట టీచరమ్మ సిగ్నల్ కోసం గుమ్మంలో నిలబడి, ఫోన్ పైకెత్తి, ఫొటో ఎక్కడం లేదని విసుక్కుంటోంది. లోపల పన్నెండు మంది పిల్లలు గోడకు చేరగిలబడి, నోటి మీద వేలేసుకుని కూర్చున్నారు. ఆయా ఉల్లిపాయలు తరుగుతూ మధ్యమధ్యలో "ష్" అంటోంది. అంతే, ఆ పూట చదువు. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో ఇంకో కేంద్రం. అదే ప్రభుత్వం, అదే జీతం, అదే చాప. ఆ టీచరమ్మ నక్క కథ చెప్పి, మధ్యలో ఆపి, "నక్క ఎందుకు పారిపోయిందర్రా?" అంది. ఒక గుంటడు లేచి "దానికి వాళ్లమ్మ గుర్తొచ్చింది" అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకోలేదు. "అయితే వాళ్లమ్మ ఎక్కడుంది?" అని అడిగింది. ఆ తర్వాత పది నిమిషాలు కథ పిల్లలదే. ఎవరో నక్క తల్లిని వరిచేల్లో ఉంచారు, ఇంకెవరో బస్సెక్కించి వైజాగ్ పంపేశారు.

ఈ రెండు కేంద్రాలకూ బయట బోర్డు ఒకటే. అందుకే "అంగన్‌వాడీ మంచిదా?" అనే ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. "మా వీధి అంగన్‌వాడీ మంచిదా?" అన్నదానికి జవాబుంది. అది మీరే చూసి చెప్పగలరు.

టీచర్‌కు టైం దొరికితే తేడా ఎంతుంటుందో తమిళనాడులో పరీక్షించి చూశారు. 640 అంగన్‌వాడీలు తీసుకుని, లాటరీ వేసి, సగం కేంద్రాల్లో బడి ముందు చదువు కోసమే ఒక మనిషిని అదనంగా పెట్టారు. పూట పని, స్థానిక మహిళలే. పిల్లలకు చదువు చెప్పే టైం రెట్టింపయింది. ఏడాదిన్నర తర్వాత ఆ కేంద్రాల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావాళ్లకంటే స్పష్టంగా ముందున్నారు. అంతేకాదు, పాత టీచర్‌కు తీరిక దొరకడంతో పిల్లల తిండి మీద, బరువు మీద శ్రద్ధ పెరిగి, ఎదుగుదల కుంటుపడిన పిల్లలూ తగ్గారు. భవనం మార్చలేదు, కంప్యూటర్లు పెట్టలేదు. ఒక మనిషి, ఒక పూట. ఇది చదివాక కూడా మన దగ్గర ఆ రెండో మనిషిని ఎందుకు పెట్టరా అని నాకు ఒళ్లు మండుతుంది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా మన రాష్ట్ర అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు నలభై రోజులు దాటి సమ్మె చేశారు, గుర్తుండే ఉంటుంది. అప్పటికి టీచర్‌కు నెలకు 11,500, ఆయాకు 7,000. ఆ డబ్బులకు అన్ని రిజిస్టర్లూ రాసి, పైన నక్క కథ కూడా చెబుతున్న మనిషి మీ వీధిలో ఉంటే, చేతులెత్తి దండం పెట్టాలి.

ఇక కాన్వెంట్. మీ తోడికోడలి పాప రాస్తోందంటే సంతోషమే. ఆ పిల్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక చిన్న పని చేసి చూడండి. చాప మీద పన్నెండు చింతపిక్కలు పోసి "అయిదు ఇవ్వమ్మా" అనండి. యాభై దాకా గడగడా చెప్పే పిల్లల్లో చాలామంది గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. అంకెల వరస నోటికి రావడం వేరు, అయిదంటే ఎన్నో తెలియడం వేరు. ఆ రెండోది వచ్చిన పిల్లకు కూడికలు వాటంతటవే వస్తాయి. మొదటిది మాత్రమే వచ్చిన పిల్ల రెండో తరగతిలో ఆగిపోతుంది. అప్పుడు మనం "ఎల్‌కేజీలో ఎంత బాగుండేదో" అనుకుంటాం. రాత కూడా అంతే. ఒక కాన్వెంట్‌లో నాలుగేళ్ల పిల్లవాడు నాలుగు గీతల పుస్తకంలో పేజీ నిండా ఒకటే అక్షరం దిద్దుతున్నాడు. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కాడంటే వేలి చివర తెల్లబడిపోయింది. "ఇదేంటి నాన్నా?" అని అక్షరం మీద వేలు పెట్టి అడిగాను. "హోంవర్కు" అన్నాడు.

ఇది ఏ ఒక్క బడి తప్పో కాదు. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెంట ఉండి గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. బడి ముందు చదువు నాణ్యంగా ఉన్న చోట పిల్లలు బడికి బాగా సిద్ధమయ్యారు. కానీ ఆ నాణ్యత ఉన్న చోట్లే తక్కువ. అంగన్‌వాడీల్లో చదువు చెప్పడమే తక్కువగా ఉంటే, ప్రైవేటులో ఒకటో తరగతి సిలబస్‌నే కిందికి దించి చిన్నపిల్లల మీద రుద్దుతున్నారు. ఒక చోట ఏమీ లేదు, ఇంకో చోట అక్కర్లేనిది ఎక్కువ. కొంచెం కటువుగా చెప్పానేమో గానీ, విషయం మాత్రం ఇదే.

ఇంకోటి మన పక్క పల్లెల సంగతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 180 ఊళ్లలో లాటరీ తీసి, గెలిచిన పిల్లల్ని ఫీజు కట్టి మరీ ప్రైవేటు బడుల్లో చేర్పించారు. నాలుగేళ్ల తర్వాత లాటరీ తగిలిన పిల్లల్నీ, తగలనివాళ్లనీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు చాలా ముందున్నారు, ఎందుకంటే అక్కడ హిందీ చెబుతారు. ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడిలో పెట్టేదానికంటే బాగా తక్కువ, అది వాళ్ల గొప్పే. అయితే మీరు అడిగింది "వెనకబడిపోతాడా" అని కదా. ఆ భయానికి ఆధారం ఆ లెక్కల్లో కనిపించదు. ఇంట్లో చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు కాన్వెంట్‌కు పంపుతారు, ఆ పిల్లలు బాగా చదువుతారు, ఆ పేరు బడికి వెళుతుంది. లాటరీ పెట్టి చూసేసరికి ఆ పేరులో చాలా భాగం ఇంటిదేనని తేలింది.

సరే, ఎలా చూడాలి?

ఊరికే గుమ్మంలోంచి తొంగి చూస్తే ఏమీ తెలీదు. గోడల మీద బొమ్మలు, బల్లలు, బ్యాగులు చూసి మోసపోకండి. అవి వచ్చిన నిధుల్ని బట్టి ఉంటాయి. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో వెళ్లి, "మా బాబును చేర్చాలనుకుంటున్నాం, కాసేపు కూర్చుంటా" అని చెప్పి ఒక మూల కూర్చోండి. భోజనం టైం దాకా ఉండండి. రోజుకు కనీసం రెండు గంటలు చదువు, ఆట జరగాలని కేంద్ర ప్రభుత్వం 2023లో పెట్టిన "పోషణ్ భీ, పఢాయీ భీ" కార్యక్రమమే చెబుతోంది. ఆ రెండు గంటల్లో టీచర్ ఎంతసేపు పిల్లల వైపు తిరిగి ఉంది, ఎంతసేపు ఫోన్ వైపు? పిల్లలు మాట్లాడుతున్నారా, లేక టీచర్ చెప్పింది కోరస్‌గా అంటున్నారా? ఒక్క పిల్లవాడితోనైనా పేరు పెట్టి విడిగా మాట్లాడిందా? ఆట సామాను పిల్లల చేతుల్లో ఉందా, పాడవుతుందని అల్మరాలో తాళం వేశారా? ఆ తాళం మీద దుమ్ము ఉంటే నాకింక ఏమీ చెప్పక్కర్లేదు. ఏడ్చే పిల్లను ఎలా సముదాయిస్తున్నారో కూడా చూడండి. భయపెట్టి ఊరుకోబెడుతుంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. అది అంగన్‌వాడీ అయినా సరే, వేలు పోసే కాన్వెంట్ అయినా సరే.

కాన్వెంట్‌కు కూడా ఇదే పరీక్ష పెట్టండి. చాలా చోట్ల ఆఫీసు రూములోనే కూర్చోబెట్టి మాట్లాడి పంపేస్తారు, క్లాసు చూడనివ్వరు. చూడనివ్వని చోట పిల్లవాడిని ఎలా వదులుతాం చెప్పండి. గుర్తింపు ఉందా, యూడైస్ కోడ్ ఎంత అని అడగండి. ప్రభుత్వం ఒక్కో బడికి ఇచ్చే పదకొండు అంకెల నంబరు అది, ఉన్నవాళ్లు టక్కున చెబుతారు. ఎల్‌కేజీలో ఎంతమంది పిల్లలు, ఆ క్లాసు ఎవరు చూస్తారు, ఆవిడ కిందటేడు కూడా ఇక్కడే ఉన్నారా అని అడగండి. ఏటా టీచర్ మారిపోయే చోట మూడేళ్ల పిల్లవాడికి మళ్లీ మొదటినుంచీ ఏడుపే. వ్యాన్ ఎన్నింటికి వస్తుంది, ఎన్ని ఊళ్లు తిరిగి బడికి చేరుతుంది? మూడున్నరేళ్ల వాడిని ఆరున్నరకు లేపి, నిద్రమత్తులో రెండు ఇడ్లీ ముక్కలు కుక్కి వ్యాన్ ఎక్కిస్తే, బడిలో సగం పూట నిద్రే.

అంగన్‌వాడీలో మీకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ మూడేళ్ల వాళ్లే ఎక్కువ, నాలుగు దాటినవాళ్లు ఒకరిద్దరు. అది చూసి "చదువు లేదు కాబట్టే వెళ్లిపోయారు" అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ నాలుగేళ్లు రాగానే అందరూ ఎల్‌కేజీకి మార్చేస్తారు కాబట్టి పెద్ద పిల్లలుండరు, పెద్ద పిల్లలు లేరు కాబట్టి టీచర్ కూడా చిన్నవాళ్ల స్థాయిలోనే ఆగిపోతుంది, అది చూసి ఇంకో నలుగురు మార్చేస్తారు. మీ వీధిలో బాబు ఈడు పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, అందరూ కలిసి చేర్చండి. అయిదారుగురు ఒకే వయసు పిల్లలుంటే టీచరమ్మ తీరే మారుతుంది. తల్లులు అప్పుడప్పుడూ వచ్చి "ఈ రోజు ఏం చెప్పారమ్మా?" అని అడుగుతారని తెలిసినా మారుతుంది. ఇది పితూరీ పెట్టినట్టు కాకుండా, సొంత అక్కను అడిగినట్టు అడగాలి. పక్క వీధి కేంద్రం బడి ఆవరణలో ఉంటే దానికి ఇంకో మార్కు వేయండి. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ చదువునే పీపీ-1, పీపీ-2 అంటున్నారు. 2025లో బడులను మళ్లీ సర్దినప్పుడు ప్రాథమిక పాఠశాలలకు ఈ రెండు తరగతుల్నీ జోడించారు. బడి ఆవరణలో ఉంటే ఒకటో తరగతి మాస్టారు రోజూ కంటికి కనిపిస్తారు, పిల్లవాడికి పెద్ద బడి అంటే భయం పోతుంది.

చేర్చిన మొదటి వారం ఏడుస్తాడు. మీరు మాన్పించేయకండి. 2024లో వచ్చిన "ఆధారశిల" అనే అంగన్‌వాడీ పాఠ్య ప్రణాళికలో మొదటి నాలుగు వారాలూ ఇల్లు వదిలి రావడం అలవాటు చేయడానికే కేటాయించారు. మొదటి రెండు మూడు రోజులు మీరూ కాసేపు కూర్చోండి, తర్వాత చెప్పి వచ్చేయండి. చెప్పకుండా జారుకుంటే మరునాడు కొంగు వదలడు.

ఇక మాటల సంగతి. మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం అనిపించింది. మూడున్నరేళ్ల పిల్లవాడు మూడు నాలుగు మాటలు కలిపి చెప్పాలి. "నాన్న బండి మీద ఎళ్లిపోనాడు" అన్నట్టుగా. బయటివాళ్లకు కూడా వాడి మాట చాలావరకు అర్థం కావాలి. మీవాడు అలా చెబుతున్నాడా? చెబుతూ, కొత్తవాళ్ల దగ్గర మాత్రమే నోరు విప్పకపోతే కంగారు లేదు. ఇంట్లో కూడా రెండు మాటలు కలపడం లేదంటే, పేరు పెట్టి వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడడం లేదంటే, ఏ బడి అన్నది పక్కన పెట్టి ముందు చెవులు చూపించండి. ఇక్కడే అంగన్‌వాడీకి ఒక లాభం ఉంది. పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని చూడాలి. లోపం ఉందనిపిస్తే జిల్లా స్థాయిలో పిల్లల లోపాలను ముందే పట్టి చూసే కేంద్రం, డీఈఐసీకి రాస్తారు, అక్కడ ఉచితం. వాళ్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ పీహెచ్‌సీలో ఏఎన్‌ఎమ్‌ను అడిగితే దారి చెబుతుంది. మీ దగ్గరున్న తల్లీబిడ్డల కార్డులోనే ఏ వయసుకు ఏ మాట, ఏ పని రావాలో బొమ్మలతో ఉంటుంది, తీసి చూడండి.

ఫోన్ మాన్పించడం ఒక్క రోజులో అయ్యే పని కాదని నాకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఈ వయసుకు స్క్రీన్ రోజుకు గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ముందుగా అన్నం దగ్గర ఆపండి. నలుగురు పిల్లలు వరసగా కూర్చుని తినే చోట ఫోన్ లేకుండా తినడం వాడే నేర్చుకుంటాడు. నా లెక్కలో అంగన్‌వాడీ గుడ్డు అన్నం విలువ అక్కడుంది. మీ అత్తగారు గుడ్డును చిన్నచూపు చూస్తున్నారు గానీ, రోజూ గుడ్డు, పాలు, వేడి అన్నం, పప్పు, పక్కన ఈడు పిల్లలు ఏ కాన్వెంట్ ఎల్‌కేజీలోనూ దొరకవు. అక్కడ మీరు కట్టిచ్చిన డబ్బాలో పులిహోర సాయంత్రం సగం తిరిగొస్తుంది.

ఇంట్లో మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. వాడితో మాట్లాడండి, మీ మాటలోనే. "ఏటి చేస్తన్నావురా, అదేటి?" అని మన శ్రీకాకుళం, విజయనగరం మాటలోనే అడగండి. పుస్తకం భాష కోసం నాలుక తిప్పుకోనక్కర్లేదు, ఇంగ్లీషు ముక్కలు అసలే వద్దు. చిక్కుళ్లు ఒలుస్తూ "పెద్దవి ఇటు, చిన్నవి అటు" అంటే లెక్కలు. పైడితల్లి పండక్కి వెళ్లొచ్చాక "సిరిమాను మీద ఎవరున్నారు, తర్వాత ఏటయింది?" అని వరసగా అడిగితే రేపటి వ్యాసరచన. చపాతీ పిండి ముద్ద చేతికిస్తే వేళ్లకు బలం, ఆ బలం వచ్చాక పెన్సిల్ దానంతటది కుదురుతుంది. పిల్లవాడు "ఏటి" అన్నందుకు నవ్వే టీచర్ ఎక్కడున్నా, ఆ బడికి మాత్రం పంపొద్దు. మాటలు తక్కువున్న పిల్లవాడు అక్కడ పూర్తిగా మూసుకుపోతాడు.

ఇంగ్లీషు మీడియం బెంగ ఉంటే, ప్రభుత్వ బడిలో ఇప్పుడు పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తెలుగులో విషయం అర్థమైన పిల్లవాడికి పక్క పేజీ అంత కష్టం కాదు.

నాలుగున్నరకే ఒకటో తరగతి అన్నవాళ్ల మాట మాత్రం అస్సలు వినకండి. దేశంలో 26 జిల్లాల్లో చిన్నపిల్లల మీద 2019లో చేసిన అసర్ అనే చదువుల సర్వేలో, ఒకే ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లల్లో వయసు పెద్దవాళ్లే అన్ని పనుల్లోనూ ముందున్నారు. ప్రభుత్వ బడుల ఒకటో తరగతిలో దాదాపు నాలుగో వంతు పిల్లలు నాలుగైదేళ్ల వాళ్లే. ప్రైవేటులో అంత లేదు. "సర్కారు బడి పిల్లలు వెనకబడ్డారు" అని మనం అనుకునేదాంట్లో కొంత ఈ వయసు తేడాయే. ఒకటో తరగతికి ఆరేళ్లు అని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మన దగ్గర అయిదు నిండితే చేర్చుకునే అలవాటుంది. అయిదుకూ ఆరుకూ మధ్య ఎప్పుడైనా పర్వాలేదు గానీ నాలుగున్నర వద్దు. వయసు పెంచి రాయించే పని అంతకన్నా వద్దు. పుట్టిన తేదీ సర్టిఫికెట్లో ఒకటి, ఆధార్లో ఒకటి ఉంటే పదో తరగతి దాకా మీరే తిరగాలి. అయిదేళ్లు నిండాక వేలిముద్రలు, కళ్లు ఇచ్చి ఆధార్ అప్‌డేట్ చేయించడం మర్చిపోవద్దు.

డబ్బు మాట. "తల్లికి వందనం" ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకానే. ఎల్‌కేజీ, యూకేజీకి రాదు. కాబట్టి ఇప్పుడు కాన్వెంట్‌లో వేస్తే ఆ రెండేళ్ల ఫీజూ పూర్తిగా మీ చేతి నుంచే. అప్పు చేసి మాత్రం కట్టొద్దు. ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకుంటే తర్వాత ఏ బడికైనా పనికొస్తుంది. ఒకటో తరగతికి వచ్చేసరికి కాన్వెంటే కావాలనిపిస్తే అప్పుడు ఇంకో దారి కూడా ఉంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు అర్హులైన కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2022-23 నుంచి ఒకటో తరగతి ప్రవేశాలకు అమలవుతోంది. ఆన్‌లైన్లో దరఖాస్తు, లాటరీ. ఇంటికి దగ్గర బడులకే ముందు అవకాశం, కాబట్టి చిరునామా రుజువు, ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ముందే సచివాలయంలో సిద్ధం చేసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే ఆదాయ పత్రం దగ్గరే ఆగిపోతారు. సీటు వచ్చినా, ఫీజులో ప్రభుత్వం ఎంత ఇస్తుంది, మీరు కట్టాల్సింది ఏమైనా ఉందా అన్నది చేర్చే ముందే ఆ బడి వాళ్లతో కాగితం మీద రాయించుకోండి. పుస్తకాల పేరుతో, వ్యాన్ పేరుతో తర్వాత అడిగేవాళ్లున్నారు.

వచ్చే సోమవారం మీ ఆయనకు ఏ షిఫ్టు? నైట్ అయితే పొద్దున్నే ఇద్దరూ కలిసి అంగన్‌వాడీకి వెళ్లండి. ఆయన కూడా చూడాలి. అత్తగారు వస్తానంటే ఆవిడనీ తీసుకెళ్లండి.